చిత్రకారుడు – చిత్రవిక్రేత: డ్యురాన్-ర్యుయెల్‌కు క్లాడ్ మోనే రాసిన ఉత్తరాలు

కళాకారుల ఉత్తరాలను వారి అంతరంగానికి నేరుగా తెరిచిన వాకిళ్లుగా భావించడం పరిశోధనలో తరచుగా కనిపించే ధోరణి. అయితే ఉత్తరం ఎప్పుడూ ఎవరో ఒకరిని ఉద్దేశించి రాసిందే. ఆ ‘ఎవరో’ తన చిత్రాలను కొని అమ్మే వ్యాపారి అయినప్పుడు, అందులోని ప్రతి మాటా కళాప్రకటన మాత్రమే కాదు, బేరసారం కూడా అవుతుంది. ఫ్రెంచి ఇంప్రెషనిస్టు చిత్రకారుడు క్లాడ్ మోనే (1840–1926) పారిస్ చిత్రవిక్రేత పాల్ డ్యురాన్-ర్యుయెల్‌కు (1831–1922) రాసిన ఉత్తరాలు ఈ ద్వంద్వ స్వభావానికి చక్కని ఉదాహరణ. విక్రయశాల దస్తావేజులలో భద్రంగా నిలిచిన ఈ లేఖలను లియోనెల్లో వెంతూరి 1939లో ప్రచురించాడు. తర్వాత డేనియల్ విల్డెన్‌స్టయిన్ మోనే చిత్రాల సమగ్ర సూచికలో కాలక్రమంగా చేర్చాడు.

ఫ్రాన్స్–ప్రష్యా యుద్ధకాలంలో లండన్‌లో తలదాచుకున్న ఈ ఇద్దరికీ అక్కడే, చిత్రకారుడు దోబిన్యీ ద్వారా పరిచయమైంది. 1882లో యూనియన్ జెనెరాల్ బ్యాంకు కుప్పకూలడంతో డ్యురాన్-ర్యుయెల్ అప్పుల పాలయ్యాడు. ఆ దశకపు ఉత్తరాలలో డబ్బు పంపమనే అభ్యర్థనలు పదే పదే కనిపిస్తాయి. వాటిని మోనే ధనాశకు నిదర్శనంగా చదవడం తొందరపాటే. పెద్ద కుటుంబాన్ని పోషించే చిత్రకారుడు, కొన్నవాటికి సకాలంలో చెల్లించలేని వ్యాపారి ఒకరిపై ఒకరు ఆధారపడిన స్థితి అది.

ఆర్థిక ఆధారం ఉన్నంత మాత్రాన మోనే వ్యాపారి అభిరుచికి తలవంచాడని చెప్పలేం. 1884 జనవరిలో ఇటలీ తీరంలోని బోర్దిఘేరాకు బయలుదేరుతూ ఆయన రాసిన ఉత్తరం గమనార్హం. ఈ ప్రయాణం సంగతి ఎవరికీ చెప్పవద్దని అందులో కోరాడు. అంతకు కొద్ది వారాల ముందే మిత్రుడు రెన్వార్‌తో కలిసి ఆ తీరమంతా తిరిగాడు. విహారానికి తోడు బాగుంటుంది గాని పనికి అడ్డు అని, ఏకాంతంలో సొంత అనుభూతుల మీదనే తాను మెరుగ్గా పనిచేయగలనని ఆయన వివరణ. 1886లో బ్రిటనీ సమీపంలోని బెల్-ఇల్ దీవిలో గాలివానల మధ్య చిత్రిస్తున్నప్పుడు, ఎండ కాసే దక్షిణానికి వెళ్లమని డ్యురాన్-ర్యుయెల్ సూచించాడు. ఆ భయానక ప్రకృతే తనను ఆకట్టుకుంటున్నదని, అలవాటు లేని పని చేయిస్తున్నదని మోనే బదులిచ్చాడు. అమ్ముడుపోయే దృశ్యం వైపు వ్యాపారి, ఇంకా చేతికి లొంగని దృశ్యం వైపు చిత్రకారుడు!

ప్రదర్శనల విషయంలో ఘర్షణ ఇంకా స్పష్టం. 1883లో డ్యురాన్-ర్యుయెల్ ఏర్పాటు చేసిన ఏకవ్యక్తి ప్రదర్శనకు స్పందన కొరవడగా, ఏర్పాట్ల లోపమే కారణమన్న ధోరణిలో మోనే ఫిర్యాదు చేశాడు. తన చిత్రాలు అమెరికాకు తరలిపోవడమూ ఆయనకు నచ్చలేదు. కొన్నైనా పారిస్‌లో ఉండాలని 1885లో రాశాడు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో జరిగిన ప్రదర్శనే డ్యురాన్-ర్యుయెల్ కోలుకోవడానికి దారితీసింది. ఇక్కడ వ్యాపారి అంచనాయే నెగ్గిందని ఒప్పుకోవాలి. మోనే మాత్రం పోటీదారు జార్జ్ పెతీ గదులలోనూ చిత్రాలు ప్రదర్శిస్తూ తన బేరశక్తిని పెంచుకున్నాడు.

పరిశోధకునికి అత్యంత విలువైనవి లండన్ చిత్రాలకు సంబంధించిన ఉత్తరాలు. 1880లో ఒక పత్రికా విలేఖరి చిత్రశాల చూపమంటే, తనకు ఎన్నడూ చిత్రశాల లేదంటూ మోనే సేన్ నదీ ప్రాంతాన్ని చూపించాడు. ఆరుబయటనే, కళ్లెదుటి ప్రకృతిని చూస్తూనే చిత్రిస్తాడన్న ప్రతిష్ఠ అలా స్థిరపడింది. కాని 1899–1901 మధ్య మూడుసార్లు లండన్ వెళ్లి మొదలుపెట్టిన చిత్రాలను ఆయన జివెర్నీలోని చిత్రశాలలో ఏళ్ల తరబడి దిద్దాడు. ఒక్క చిత్రమైనా పంపమన్న వ్యాపారికి 1903 మార్చిలో ఇచ్చిన జవాబు ఇది: అన్నీ ఒకేసారి కళ్ల ముందుండటం తన పనికి అవసరం, నిజానికి వాటిలో ఒక్కటీ పూర్తి కాలేదు. చివరకు 1904 మే నెలలో 37 థేమ్స్ చిత్రాలు ప్రదర్శితమయ్యాయి. పార్లమెంటు భవనాన్ని ఫోటో సాయంతో చిత్రించాడన్న గుసగుసలు ఇంగ్లండ్‌లో వినిపించినప్పుడు, 1905 ఫిబ్రవరి ఉత్తరంలో మోనే ఆగ్రహం కట్టలు తెంచుకుంది. ఫోటో తెప్పించుకున్న మాటను కాదనలేదు, అది ఉపయోగపడలేదన్నాడు. కెథెడ్రళ్లు, లండన్ దృశ్యాలు ప్రత్యక్షంగా చూసి వేసినవా కావా అన్నది ఎవరికీ అక్కరలేని సంగతి, ఫలితమే ముఖ్యం అన్నాడు.

ఈ మాటను సిద్ధాంతంగా ఉదహరించేవారు అది ఎవరికి, ఎందుకు రాసిందో విస్మరించకూడదు. డ్యురాన్-ర్యుయెల్ లండన్‌లో ఇంప్రెషనిస్టుల భారీ ప్రదర్శన నిర్వహిస్తున్న సమయమది. చిత్రాల విశ్వసనీయతకు మచ్చపడితే నష్టం ఇద్దరిదీ. అందువల్ల ఈ లేఖలను అలీస్ హోషెదేకు మోనే రాసిన ఉత్తరాలతో పోల్చి చదవడం అవసరం. బోర్దిఘేరా, రువాన్‌ల నుంచి ఆమెకు రాసిన వాటిలో వాతావరణంపై విసుగు, పని సాగని నిస్పృహ రోజువారీగా నమోదయ్యాయి. వ్యాపారికి రాసినప్పుడు అదే నిస్పృహ గడువు పెంచమనే విన్నపంగా మారుతుంది.

కలువల చిత్రాల విషయంలో ఈ విన్నపం నిరాకరణ దాకా వెళ్లింది. 1907లో జరగవలసిన ప్రదర్శనకు తాను సిద్ధంగా లేనని, కనీసం ముప్పై చిత్రాలను నాశనం చేశానని మోనే తెలియజేశాడు. డ్యురాన్-ర్యుయెల్ మరో రెండేళ్లు నిరీక్షించాడు. 1909 మే నెలలో ఆయన గదుల గోడలపైకి 48 కలువకొలను చిత్రాలు చేరాయి.