భుజం కొలతకు ఏ పరీక్ష?

"ఎం.ఆర్.ఐ. ఖరీదైన పరీక్ష కదా, అదొక్కటి తీయిస్తే అన్నీ తెలిసిపోవా?" అని భుజం నొప్పితో బాధపడేవారు మమ్మల్ని అడుగుతుంటారు. ఖరీదును బట్టి కాదు, కొలవవలసిన దాన్ని బట్టి పరీక్షను ఎంచుకోవాలని మేము చెబుతాము.

భుజం కీలులో బంతి పెద్దది, అది ఆనుకొనే గిన్నె చిన్నది, లోతు తక్కువ. అందుకే అది తేలికగా జారుతుంది.

మొదటి పరీక్ష ఎక్స్‌రే. చవకగా ఎముక విరిగిందో, కీలు జారిందో చెబుతుంది. కాని అది నీడ వంటిది. మనిషి కొద్దిగా తిరిగి నిలబడినా గిన్నె వంపు కోణం మారినట్లు కనిపిస్తుంది.

కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్ చిరిగిందేమో, చేతిని కదిలిస్తూనే అల్ట్రాసౌండ్‌లో చూడవచ్చు. రేడియేషన్ లేదు. అయితే ఎముక లోపలి భాగం కనిపించదు, ఫలితం చేసేవారి నేర్పుపై ఆధారపడుతుంది.

ఎముక కొలతకు సి.టి. మేలు. భుజం పదేపదే జారితే గిన్నె అంచు అరుగుతుంది. గిన్నె కింది భాగానికి సరిపడే వృత్తం గీసి, అందులో లోపించిన భాగాన్ని లెక్కిస్తారు. అది 20-25 శాతానికి చేరితే సాధారణంగా కుట్లు చాలవు, ఎముక ముక్క అమర్చడం గురించి ఆలోచిస్తారు. ఇందులో రేడియేషన్ ఎక్కువ.

టెండన్లు, గిన్నె చుట్టూ ఉండే మెత్తని అంచు, కండరంలో చేరిన కొవ్వు ఎం.ఆర్.ఐ.లో బాగా తెలుస్తాయి. రేడియేషన్ ఉండదు. పేస్‌మేకర్ ఉన్నవారు ముందే చెప్పాలి.

డబ్బు కట్టేముందు డాక్టరుగారిని రెండు ప్రశ్నలు అడగండి: ఈ పరీక్షతో ఏమి తెలుస్తుంది? దానివల్ల చికిత్స మారుతుందా?