రొట్టెయంత్రమున పండ్ల కేకు

మైదా, నీరు, ఉప్పు, ఈస్టు అను నాలుగింటిని కలిపి, పిసికి, పొంగనిచ్చి, కాల్చినచో రొట్టె యగునని చెప్పుట ఎంత తేలికయో, అందలి పిసుకుటను ఒక యంత్రమునకు నేర్పుట అంత కష్టము. హోటళ్లలోను, బేకరీలలోను ఈ శ్రమను తగ్గింపబూనినవారు పందొమ్మిదవ శతాబ్దముననే లేకపోలేదు. అమెరికాలో దక్షిణ కెరొలైనా రాష్ట్రమున జన్మించి, బోస్టన్ నగర సమీపమున హోటలు నడిపి ఖ్యాతి గాంచిన జోసెఫ్ లీ అను నల్లజాతీయుడు 1894లో పిండి పిసుకు యంత్రమునకు పేటెంటు పొందెను. అయినను పిసికిన పిండిని వెచ్చగా నుంచి పొంగనిచ్చుటయు, తగిన వేళ నెఱిగి పొయ్యిలో పెట్టుటయు మనుష్యుని పనిగానే నిలిచిపోయెను. రాత్రి పదార్థములను కొలిచి పోసి నిద్రించిన గృహిణికి తెల్లవారి మూత తీయగనే కాలిన రొట్టె నందించు యంత్రము పుట్టుటకు మరి దాదాపు తొంబది యేండ్లు పట్టినవి. పుట్టినదియు గోధుమ దేశములలో గాదు, అన్నము ప్రధానాహారమైన జపానులో.

ఒసాకా ప్రాంతమునకు చెందిన మత్సుషిత ఎలక్ట్రిక్ సంస్థ, నేడు పానసోనిక్ అని మన మెఱిగినది, 1984లో తన మూడు శాఖలను ఒక్కటిగా కలిపెను. ఒక శాఖవారు అన్నము వండు విద్యుత్పాత్రలను, ఒక శాఖవారు వేడిచేయు సాధనములను, మూడవవారు మోటారుతో తిరుగు సాధనములను చేయుచుండిరి. రొట్టెయంత్రమునకు కావలసినవి సరిగా ఈ మూడు విద్యలే: కాలమును, తాపమును గణించి నడిపించు చిన్న కంప్యూటరు, పాత్రను చుట్టియుండు విద్యుత్తాపకము, అడుగున తిరుగు తెడ్డు. మూడును చేతిలో నున్నవి గనుక యంత్రము సులభముగా సిద్ధించునని తలచిరి కాబోలు; తొలి నమూనాలలో పైపెంకు మాడెను, లోపల పచ్చిగా మిగిలెను. యంత్రము పిసికిన ముద్దను, నిపుణుడు పిసికిన ముద్దను ఎక్స్‌రే తీసి పోల్చి చూచిరి. దానివలనను మర్మము బయటపడలేదు.

బొబ్బట్లకు చోవిపిండి కలుపు పెద్దమ్మను ఎంతసేపు మర్దింపవలెనని అడిగినచో, గడియారము చూపదు, కొలత చెప్పదు. చేతికి తెలియునని మాత్రము చెప్పును. ఆమె దాచుట లేదు. ఆ జ్ఞానము మాటలరూపమున ఆమెయొద్ద లేనే లేదు. రొట్టె చేయువాని జ్ఞానమును అట్టిదే యని గ్రహించి, ఆ సంస్థలో సాఫ్ట్‌వేర్ పని చేయుచుండిన తనాకా ఇకుకో అను యువతి, మంచి రొట్టెకు పేరుపడిన ఒసాకా ఇంటర్నేషనల్ హోటలునకు బోయి, అచటి ప్రధాన రొట్టెకారుని కడ శిష్యురాలై పిండి పిసుకుట నేర్చుకొనెను. అతడు పిండిని కేవలము నొక్కుటలేదు, మెలిపెట్టుచు సాగదీయుచున్నాడు. ఈ చిన్న విషయమును కనిపెట్టి, మెలిత్రిప్పి సాగదీయుట అను ఒక్క మాటగా ఆమె ఇంజనీర్లకు అందించెను. ఆ మాటకు వారు లోహరూప మిచ్చిరి: పాత్ర లోపలి గోడలకు నిలువు గట్లు పోసిరి. తెడ్డు త్రిప్పుకొనిపోవు ముద్ద ఆ గట్టునకు తగిలి ఒకవైపు నిలువగా, వేరొకవైపు తెడ్డుతో లాగబడి సాగును. హోటలులోని చేతి మణికట్టు చేయు పనిని ఇంట ఈ గట్లు చేయుచున్నవి. ఈ యంత్ర చరిత్రలో నాకు మిక్కిలి ఆదరణీయముగా తోచు ఘట్ట మిదియే; మాటకందని నేర్పును మాటగాను, మాటను పనిముట్టుగాను మార్చిన ఆ యువతి వినయము గొప్పది. 1987లో యంత్రము అంగళ్లకు వచ్చి, మొదటి యేడే లక్షల సంఖ్యలో అమ్ముడుపోయెను. తరువాత నొనాకా ఇకుజిరో అను ఆచార్యుడు తన వ్రాతలలో ఈ వృత్తాంతమును ఉదాహరించుటచే అది దేశదేశముల ప్రసిద్ధి కెక్కెను.

సాగదీయుటకు అంత ప్రాముఖ్య మేలయన, గోధుమపిండిలోని రెండు మాంసకృత్తులు నీటితో కలిసి, లాగుటచేత ఒకదానితో నొకటి పెనవేసికొని, గ్లూటెన్ అను జాలము నల్లును. ఈస్టు మెల్లమెల్లగా విడుచు బొగ్గుపులుసు వాయువును ఈ జాలమే బంధించి రొట్టెను ఉబ్బించును. పిసుకునప్పటి రాపిడికి ముద్ద వేడెక్కును. వేడెక్కిన ముద్దలో ఈస్టు తొందరపడి ముందే పొంగును. చల్లార్చు సాధన మమర్చినచో ఖరీదు పెరుగును గనుక, మత్సుషితవారు ఈస్టును మొదట పోయక, మూతలోని వేరు డబ్బానుండి పిండి కొంత కలిసిన పిదప జారునట్లు చేసిరి.

ఇట్లు సాగదీయుటకే పుట్టిన యంత్రముచేత పండ్ల కేకు చేయించు నపుడు, దాని ప్రధాన సామర్థ్యమునకు మనమే కళ్లెము వేయవలెను. కేకులో జాలము గట్టిపడినచో అది రబ్బరువలె సాగి నోటికి ఇంపుగానుండదు. 250 గ్రాముల మైదాకు 125 గ్రాముల వెన్న, అంతే చక్కెర, మూడు గ్రుడ్లు, కొంచెము పాలు, రెండు చెంచాల బేకింగ్ పౌడరు అను సామాన్యమైన కొలతను పరిశీలింపుడు: వెన్న పిండికణములను పూసి నీటిని దూరముగా నుంచును, చక్కెర ఆ నీటిని తనవైపు లాగికొనును, ఈ రెండును జాలమల్లుటకు అడ్డుపడును. ఈస్టు లేదు గనుక పొంగించు భారము బేకింగ్ పౌడరుదే. ఈస్టు పడని భార్య కొరకు బర్మింగ్‌హామ్ నగరమున ఆల్ఫ్రెడ్ బర్డ్ అను ఔషధవ్యాపారి 1843లో కూర్చిన పొడి దీనికి పూర్వరూపము. వంటసోడాయు పొడిగానుండు ఆమ్లమును తడి తగిలినంతనే కలిసి వాయువును విడుచును. నేటి పొడులలో కొంత ఆమ్లము వేడి తగిలినగాని కరగదు. కావుననే కేకు వరుసలో యంత్రము స్వల్పకాలము కలిపి, పొంగుటకై నిరీక్షింపక, తిన్నగా కాల్చుటకు పూనుకొనును. కొన్ని నమూనాలలో ఆ వరుస కాల్చుటకే గాని కలుపుటకు గాదు. అట్టివానికి పిండిని వేరుగా కలిపి పోయవలెను. కొనిన యంత్రపు పుస్తకమును ముందుగా చదువుట మేలు.

కలుపునప్పుడు మూత తెఱచి చూడుడు. తెడ్డు నడుమనే తిరుగును. నలుమూలల పొడిపిండి తెల్లగా నిలిచియుండును. రబ్బరు గరిటెతో గోడలను గీకి లోపలికి త్రోయనిచో కాలిన కేకు అంచున పిండి పొర కనబడును. వెన్నను మెత్తబరచి వేయవలెను. చక్కెరతో వెన్నను గిలకొట్టి గాలి నింపుట ఈ తెడ్డునకు చేతకాదు గనుక, ఇది ఓవెన్ కేకుకంటె కొంత బరువుగనే వచ్చును. కిస్‌మిస్, టూటీఫ్రూటీ, చెఱ్ఱీ ముక్కలను కలుపుట ముగియుచుండగా, యంత్రము గంట మ్రోగించి హెచ్చరించిన పిమ్మట వేయవలెను. ముందే వేసినచో తెడ్డు వానిని చీల్చి పిండికి రంగు పులుమును. చెఱ్ఱీల పాకము కడిగి, తడి యార్చి, చిన్నగా తఱుగుట ఆవశ్యకము. పిండి చిక్కగా నున్నచో ముక్కలు నిలిచియుండును, పలుచగా నున్నచో ఎంత శ్రద్ధ వహించినను అడుగునకు చేరును.

తాపకము పాత్ర క్రిందిభాగమును చుట్టియుండుటచే ప్రక్కలు ముదురు గోధుమవర్ణము తాల్చినను పైభాగము లేతగనే యుండును. పచ్చిదని భ్రమించి మరల కాల్చువా రున్నారు. నడుమ సన్నని పుల్ల గ్రుచ్చి, శుభ్రముగా వచ్చినచో చాలించవలెను. కాలిన రొట్టె తన ఆవిరికే మెత్తబడకుండ యంత్రము చాలసేపు వెచ్చగా నుంచును. అదే వెచ్చదనము కేకు నెండబెట్టును. అందుచే గంట మ్రోగినంతనే పాత్రను బయటికి తీసి, పది నిమిషములు చల్లారనిచ్చి, తలక్రిందులు చేయవలెను. తెడ్డు కేకులోనే చిక్కుకొని వచ్చినచో కొయ్యపుల్లతో లాగివేసి, కోయుట మరునాటికి వాయిదా వేయుడు. అప్పటికి పండ్లలోని తేమ ముక్కముక్కకును సమముగా వ్యాపించి, కత్తికి పొడి రాలదు.