చిరునామా ఇస్తే చాలదు

సి భాషలో ఫంక్షన్‌కి వేరియబుల్ పంపితే వెళ్లేది దాని నకలే. ఉష్ణోగ్రత చదివే ఫంక్షన్‌కి ఒక వేరియబుల్ ఇచ్చి నింపమంటే అది నకలునే నింపుతుంది, అసలు అలాగే ఉండిపోతుంది. అసలు మారాలంటే అది మెమరీలో ఎక్కడుందో చెప్పాలి. ఆ చిరునామాయే పాయింటర్. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ తయారుచేసిన భాషలో నేటికీ ఇదే పద్ధతి.

చిన్న చిప్‌లలో దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ఆర్డుయినో ఊనోలోని ఏటీమెగా328పీకి ఉన్న ర్యామ్ 2048 బైట్లే. 128 బైట్ల స్ట్రక్చర్‌ని ఒకదాన్నొకటి పిలిచే మూడు ఫంక్షన్లకు నకళ్లుగా పంపితే 384 బైట్లు పోయినట్టే. పాయింటర్ అయితే రెండు బైట్లు. ఫంక్షన్ ఆ స్ట్రక్చర్‌ని చదివితే చాలు, మార్చకూడదు అనుకుంటే ముందు కాన్‌స్ట్ అని రాయాలి. చాలామంది బద్ధకించేది ఇక్కడే.

పాయింటర్ చూపేది ఎప్పుడూ వేరియబుల్‌నే కానక్కర్లేదు. ఎస్‌టీఎం32ఎఫ్4 చిప్‌లలో ‘ఏ’ పోర్టు రిజిస్టర్లు హెక్సాలో 40020000 దగ్గర, ‘బీ’ పోర్టువి 40020400 దగ్గర మొదలవుతాయి. ఆ చిరునామాను ఆర్గ్యుమెంట్‌గా తీసుకునే ఒక్క ఫంక్షన్ అన్ని పోర్టుల ఎల్‌ఈడీలనూ వెలిగిస్తుంది.

అసలు చిక్కు చిరునామా తప్పవడంలో కాదు, కాలం చెల్లడంలో ఉంది. ఫంక్షన్ లోపల 40 అక్షరాల అరే పెట్టుకుని, దాన్ని ఇంటరప్ట్‌తో పంపే యూఆర్ట్ ఫంక్షన్‌కి ఇచ్చారనుకోండి. 9600 బాడ్ వేగంలో ఒక్కో అక్షరానికి సుమారు ఒక మిల్లీసెకను, మొత్తం 40కి పైనే. కానీ పంపే ఫంక్షన్ అంతసేపు ఆగదు, పని మొదలుపెట్టి వెంటనే తిరిగొచ్చేస్తుంది. దాని వెనకే మీ ఫంక్షనూ ముగుస్తుంది. స్టాక్‌లో ఆ చోటును మరో ఫంక్షన్ వాడేసుకుంటుంది. ఇంటరప్ట్ మాత్రం అద్దెవాళ్లు ఖాళీ చేసిన ఇంటికే ఉత్తరాల కోసం వెళ్తూ ఉంటుంది. తెర మీద మొదటి నాలుగు అక్షరాలు సరిగ్గా వచ్చి, తర్వాత చెత్త కనబడితే ముందు అనుమానించాల్సింది దీన్నే. వైర్లను కాదు. అరే ముందు స్టాటిక్ అని చేరిస్తే అది ప్రోగ్రామ్ నడిచినంతసేపూ ఉంటుంది. అయితే మొదటి సందేశం పూర్తికాకముందే అందులో రెండోది రాయకూడదు.

ఇంటరప్ట్‌తోనో డీఎంఏతోనో పనిచేసే ఫంక్షన్లకు మీరిచ్చిన బఫర్లు ఎక్కడ ప్రకటించి ఉన్నాయో ఈరోజే ఒకసారి వెతికి చూడండి.