మేస్త్రీకి చెప్పినట్టు చెబితే చాలదు

కిందటి సంక్రాంతికి ఇక్కడ డల్లాస్‌లో తెలుగువాళ్ళం కలిసినప్పుడు, భోజనాల దగ్గర ఒక పెద్దాయన నన్ను "ఇప్పుడేం పని చేస్తున్నావు బాబూ?" అని అడిగారు. భవన నిర్మాణాల సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో వివరాలు రాస్తున్నానని చెప్పాను. "ఎవరు చదువుతారు అవి?" అన్నారు. "ఈమధ్య మనుషులకంటే ఎ.ఐ. ఏజెంట్లే ఎక్కువగా చదువుతున్నాయండీ" అన్నాను. ఆయన నవ్వి, "చదివేది మనిషి కానప్పుడు ఎలా రాస్తే ఏమిటయ్యా?" అన్నారు. అప్పుడు సరైన జవాబు తోచలేదు. ఇప్పుడు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు ఏ.పి.ఐ. అంటే ఏమిటో చూద్దాం. మన మండలాఫీసులో కిటికీలు గుర్తున్నాయా? లోపల ఏ బీరువాలో ఏ ఫైలుందో మనకు తెలియదు, తెలియనక్కరలేదు. ఫలానా కిటికీలో ఫలానా ఫారం నింపి ఇస్తే ఫలానా పత్రం వస్తుందని తెలిస్తే చాలు. ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రాము కోసం తెరిచి ఉంచే అలాంటి కిటికీల వరసే ఏ.పి.ఐ. ఏ కిటికీలో ఏం దొరుకుతుందో చెప్పే బోర్డు రాయడం నా పని.

అమెరికాలో ఒక ఆసుపత్రో, బడో కడుతున్నారంటే ఇటుకలకంటే ముందు కాగితాలు కదులుతాయి. డ్రాయింగులో సందేహం వస్తే కాంట్రాక్టరు ఆర్కిటెక్టుకు రాతపూర్వకంగా పంపే ప్రశ్నను ఆర్.ఎఫ్.ఐ. అంటారు. "ఈ ఉక్కు, ఈ తలుపులు వాడబోతున్నాం, సరేనా?" అని వివరాలతో పంపేది సబ్మిటల్. ఒప్పందంలోని ధరనో, గడువునో మార్చేది చేంజ్ ఆర్డర్. ఒక పెద్ద కట్టడంలో ఇవి వందల్లో ఉంటాయి. ఇదివరకు వీటిని వెతికి, పోగుచేసి, గుర్తుచేసే పని మనుషులు చేసేవారు. ఇప్పుడు ఆ చాకిరీలో కొంత ఏజెంట్లకు అప్పగిస్తున్నారు.

ఏజెంట్ వెనక ఉండేది భాషా నమూనా. దానికి మనం కొన్ని పనిముట్ల పట్టిక ఇస్తాం. ఒక్కో పనిముట్టుకు ఒక పేరు, నాలుగు వాక్యాల వివరణ, ఏయే వివరాలు నింపాలో చెప్పే ఫారం ఉంటాయి. మనిషి అడిగిన దాన్నిబట్టి ఏ పనిముట్టు వాడాలో అది ఎంచుకుంటుంది. ఈ పట్టికలు అందించే పద్ధతికి 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే బహిరంగ ప్రమాణాన్ని విడుదల చేసింది. మేమూ దాన్నే వాడుతున్నాం.

ఇక అసలు సంగతి. ఆర్.ఎఫ్.ఐ. స్థితిని మార్చే పనిముట్టుకు నేను మొదట రాసిన వివరణ ఒకే ఒక వాక్యం: "ఆర్.ఎఫ్.ఐ. స్థితిని మారుస్తుంది." పాత రోజుల్లో అది సరిపోయేది. చదివే ఇంజనీరుకు అనుమానం వస్తే నాకు ఫోన్ చేసేవాడు. ఒకరోజు పరీక్షల కోసం పెట్టుకున్న నకలు ప్రాజెక్టులో, "గడువు దాటిన ఆర్.ఎఫ్.ఐ.ల సంగతి చూడు" అని ఏజెంట్‌కు చెప్పాం. అది చూసింది. జవాబు రాని పదకొండు ప్రశ్నలనూ ముగించేసి, "ఇక గడువు దాటినవేమీ లేవు" అని మర్యాదగా చెప్పింది! అందులో ఒకటి, ఒక దూలానికి రంధ్రం ఎక్కడ పెట్టవచ్చు అన్న ప్రశ్న. అది నిజం ప్రాజెక్టు అయ్యుంటే ఆ ప్రశ్న ఆర్కిటెక్టు జాబితాలోంచి మాయమయ్యేది. తప్పు ఏజెంట్‌ది అనలేను. బోర్డు రాసింది నేను.

ఇప్పుడా వివరణ ఇలా ఉంది: "ఆర్.ఎఫ్.ఐ.ని ముగిస్తుంది. అధికారిక జవాబు నమోదై, అడిగిన వ్యక్తి అంగీకరించాకే వాడాలి. గడువు దాటడం ముగించడానికి కారణం కాదు. గడువు దాటితే గుర్తుచేసే పనిముట్టు వాడాలి. ముగించగానే అందరికీ సమాచారం వెళుతుంది, దాన్ని వెనక్కి తీసుకోలేం."

ఏం చేస్తుందో చెబితే చాలదనీ, ఎప్పుడు చేయకూడదో కూడా చెప్పాలనీ అలా తెలిసింది. మిగతావీ ఒక్కొక్కటే నేర్చుకున్నాను. జాబితా ఒకసారికి 100 వరసలే ఇస్తుందని రాయకపోతే, పెండింగులో ఉన్నవి సరిగ్గా 100 అని ఏజెంట్ నమ్మకంగా చెప్పేస్తుంది. 03/04 అంటే మనకు ఏప్రిల్ 3, ఇక్కడివాళ్ళకు మార్చి 4. అందుకే ఏడాది ముందు, ఆ తర్వాత నెల, రోజు అని రాశాను. పది రోజులంటే పనిదినాలో కాదో చెప్పాలి. జవాబు ఆలస్యమైతే ఏజెంట్ మళ్ళీ ప్రయత్నిస్తుంది, ఒకే చేంజ్ ఆర్డర్ రెండుసార్లు పుడుతుంది. అందుకని ప్రతి అభ్యర్థనకూ ఒక గుర్తు సంఖ్య ఇమ్మన్నాం. "పొరపాటు జరిగింది" అనే సందేశం తీసేసి, ఏ గడి తప్పో, ఎలా దిద్దాలో చెప్పేలా మార్చాం.

ఇంత పట్టింపు దేనికంటారా? 1981 జూలై 17న కాన్సస్ సిటీలోని హయత్ రీజెన్సీ హోటల్లో వేలాడే నడక వంతెనలు రెండు కూలి 114 మంది చనిపోయారు. మొదటి డ్రాయింగులో రెండు వంతెనలనూ మోసేది ఒకే పొడవాటి ఉక్కు కడ్డీ. తయారీ సులువు కోసం దాన్ని రెండు కడ్డీలు చేశారు. దాంతో పై వంతెన దూలం కింద ఉన్న నట్టు మీద రెండింటి బరువూ పడింది. ఆ మార్పున్న డ్రాయింగులు లెక్క కట్టి చూడకుండానే ఆమోదం పొందాయి. బాధ్యులైన ఇంజనీర్ల లైసెన్సులను మిజోరీ రాష్ట్రం రద్దు చేసింది. అప్పుడు కంప్యూటర్ ఏజెంట్లు లేవు, అన్నీ మనుషుల చేతుల మీదే జరిగాయి. మనుషులే అంత పొరబడితే, ఒక్క క్షణంలో వంద సబ్మిటల్స్ ఆమోదించగల యంత్రానికి ఆ కిటికీ తెరిచి ఉంచవచ్చా?

అందుకే సబ్మిటల్‌ను ఆమోదించే పనిముట్టును పట్టికలోంచి తీసేయాలని మా టీములో వాదించాను. ఇది మార్చే పని, ఇది చదివే పని అని గుర్తులు పెట్టే వీలు ప్రోటోకాల్‌లో ఉంది. కానీ అవి సూచనలే, తాళాలు కావు. ఇప్పుడు ఏజెంట్ కాగితాలు పోల్చి తేడాలు చూపిస్తుంది, చిత్తుప్రతి రాస్తుంది. ఆమోదం మాత్రం ముద్ర ఉన్న ఇంజనీరు చేతుల్లోనే ఉంది.

మా నాన్నగారు ఊళ్ళో ఇల్లు కట్టించినప్పుడు, "వంటింట్లో గట్టు కట్టు మేస్త్రీ" అన్నారు, అంతే. మేస్త్రీ తిన్నగా మా అమ్మ దగ్గరికి వెళ్ళి, "అమ్మగారూ, ఒకసారి ఇలా నిలబడండి, ఎత్తు చూసుకుంటాను" అన్నాడు. నాన్నగారు చెప్పనిది అతను అడిగి తెలుసుకున్నాడు. మన ఏజెంట్‌కు, అడగమని మనం రాసి పెడితే తప్ప, అడగాలని తోచదని నమ్మలేం. అందుకే ఇప్పుడు ప్రతి వివరణ చివరా ఒక వాక్యం చేరుస్తున్నాను: "సందేహముంటే ఆగి, మనిషిని అడుగు."

ఆ పెద్దాయనకు నా జవాబు ఇదే. ఏజెంట్ కోసం రాస్తున్నా, రేపు ఆ కప్పు కింద నిలబడేది మనుషులే కదండీ!