పాత బొమ్మకారుకు కొత్త చెవులు

అటక మీది పాత సామాను సర్దేటప్పుడు ప్రతి ఇంటిలోనూ ఏదో ఒక మూగబోయిన బొమ్మ బయటపడుతుంది. మా ఇంట బయటపడినది ఒక ఎర్రని బొమ్మకారు. 1998లో మా మేనమామ కువైట్ నుండి సెలవుకు వస్తూ దానిని తెచ్చారు. చేతిలోని పెట్టె మీద మీట కదిపితే చాలు, తీగ ఏదీ లేకుండానే కారు ముందుకు, వెనుకకు పోయేది, కుడిఎడమలకు తిరిగేది. ఆ రోజులలో మా వీధి పిల్లలందరికీ అది ఒక వింత. కొన్నేళ్ళ తరువాత, లోపలి బ్యాటరీ ఘటాలు తీయడం మరచి, దానిని అటక ఎక్కించాము. ఈ మధ్య సంక్రాంతికి మామయ్య వస్తున్నారని తెలిసి, ఆయన ఎదుట దానిని మళ్ళీ నడపాలని నాకు బుద్ధి పుట్టింది.

ఈ పనిలో మా కళాశాల విద్యార్థులు నలుగురు నాతో కలిశారు. ఇందులో మేము నేర్చుకున్న భౌతికశాస్త్రమూ, చేసిన ఒక పెద్ద పొరపాటూ ఇతర ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఉపకరిస్తాయనే ఉద్దేశంతో ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

దూరం నుండి ఆజ్ఞ

తీగలు లేకుండా యంత్రాన్ని నడపడం కొత్త ఆలోచన కాదు. 1898లో నికోలా టెస్లా న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, నీటితొట్టిలో ఒక చిన్న పడవను రేడియో తరంగాలతో నడిపి చూపాడు. అదే సంవత్సరం నవంబరులో ఆయనకు దానిపై పేటెంటు లభించింది. అయితే ఆ విద్య బొమ్మలలోకి దిగిరావడానికి చాలా కాలం పట్టింది. వాక్యూము గొట్టాల స్థానంలో ట్రాన్సిస్టరు వచ్చి, పరికరాలు చిన్నవై, చవకైన తరువాతనే అది సాధ్యమైంది. 1966లో ఇటలీలోని ఎలెత్రోనికా జోకాత్తోలి అనే సంస్థ రేడియోతో నడిచే ఒక ఫెరారీ కారు నమూనాను అమ్మకానికి తెచ్చింది.

ఇట్టి బొమ్మలన్నిటిలోనూ మూడు భాగాలు ఉంటాయి. మన చేతిలోని పెట్టె ప్రసారిణి. అది ఆజ్ఞను తరంగాలుగా పంపుతుంది. కారులోని గ్రాహకం ఆ తరంగాలను పట్టి, ఆజ్ఞ ఏమిటో తెలుసుకొంటుంది. మూడవది మోటార్లు, పళ్ళచక్రాలు మొదలైన యంత్రభాగం. ప్రసారిణి నోరు, గ్రాహకం చెవి, మోటార్లు కాళ్ళు అనుకొంటే సరిపోతుంది.

పాతకారు భాష

మా కారు అడుగున "27 మెగాహెర్ట్జ్" అని అచ్చువేసి ఉన్నది. అనగా దాని రేడియో తరంగాలు సెకనుకు 2 కోట్ల 70 లక్షల సార్లు కంపిస్తాయి. తరంగ వేగం సెకనుకు 30 కోట్ల మీటర్లు. దీనిని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం సుమారు 11 మీటర్లు వస్తుంది. ఏరియల్ బాగా పనిచేయాలంటే అది తరంగదైర్ఘ్యంలో నాలుగవ వంతు, అనగా దాదాపు 2.8 మీటర్లు ఉండాలి. పిల్లవాని చేతిలో అంత పొడుగు కడ్డీ పెట్టలేరు. అందుకే తయారీదారులు పొట్టి కడ్డీ పెట్టి, దాని లోటును తీగచుట్టతో సర్దుబాటు చేసేవారు.

ఇట్టి బొమ్మల గ్రాహకాలలో విరివిగా వాడినది 1922లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ వెల్లడించిన పద్ధతి. అందులో ఒకే ట్రాన్సిస్టరు, తాను పెంచిన సంకేతాన్ని తిరిగి తన ప్రవేశద్వారానికే పంపుకొని, ఎన్నోరెట్లు పెద్దది చేస్తుంది. చవకైన బొమ్మకు అంతకంటె తగిన పద్ధతి లేదు.

మరి కారుకు "ముందుకు", "వెనుకకు" అనే తేడా ఎట్లా తెలుస్తుంది? ప్రసారిణి తరంగాన్ని నిలిపి నిలిపి పంపుతుంది. ఈ తునకలను స్పందనలు అంటారు. చవకరకం కార్లలో విరివిగా వాడిన ఒక జత చిప్పుల లెక్క ఇది: మొదట నాలుగు పొడుగు స్పందనలు వస్తాయి, అవి "విను, ఆజ్ఞ వస్తున్నది" అనే హెచ్చరిక. వాటి వెంట పొట్టి స్పందనలు వస్తాయి. 10 వస్తే ముందుకు, 40 వస్తే వెనుకకు, 58 వస్తే ఎడమకు, 64 వస్తే కుడికి. పొడుగు స్పందనకు 2 మిల్లీసెకన్లు, పొట్టిదానికి 1 మిల్లీసెకను పడుతుంది. కాబట్టి "ముందుకు" అనే మాటకు 18 మిల్లీసెకన్లు, "కుడికి" అనే మాటకు 72 మిల్లీసెకన్లు. మీట నొక్కి ఉంచినంతసేపు ప్రసారిణి ఆ మాటనే తిరిగి తిరిగి పలుకుతూ ఉంటుంది. ఈ చివరి సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. దానిని మరచి మేము దెబ్బ తిన్నాము.

రోగ నిర్ణయం

పాత వస్తువు చేతికి రాగానే అంతా విప్పి పారవేయాలని తోస్తుంది. అది సరికాదు. ఏ భాగం బ్రతికి ఉన్నదో, ఏది పోయినదో మొదట తేల్చుకోవాలి.

ఘటాల గదిలో తెల్లని పొడి పేరుకొని ఉన్నది. ఆల్కలైన్ ఘటంలోని పొటాషియం హైడ్రాక్సైడ్ బయటికి కారి, గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి కార్బొనేటుగా మారినదన్నమాట. ఇది క్షారం కనుక నిమ్మరసం అద్దిన దూదితో తుడిస్తే, నురగ వచ్చి వదలిపోయింది. ఈ పనికి చేతితొడుగులు, కంటి అద్దాలు తప్పనిసరి. తరువాత మోటారుకు సరాసరి రెండు ఘటాలు తగిలించాము. పాతికేళ్ళ నిద్ర తరువాత అది ఒక్కసారిగా గిర్రున తిరిగింది! పళ్ళచక్రాలు బాగున్నాయి. ముందు చక్రాలను తిప్పే చిన్న మోటారూ బాగున్నది. గ్రాహకం పలక మాత్రం పోయింది. కారిన క్షారం దాని రాగి దారులను అనేకచోట్ల తినివేసింది.

అనగా కారుకు కాళ్ళు బాగున్నాయి; చెవి పోయింది. కొత్త చెవి అమర్చాలని నిశ్చయించాము. పాత పలకను పారవేయక, చీటీ అంటించి డబ్బాలో భద్రపరచాము. కారు పైడొప్పకు ఒక్క కొత్త రంధ్రమైనా చేయకూడదని కూడా నియమం పెట్టుకొన్నాము.

కొత్త చెవి

ఈనాడు వేలెడు పలక మీద ఒక చిన్న కంప్యూటరూ, రేడియో కలిసి దొరుకుతున్నాయి. మేము వాడినది 2016లో వచ్చిన ఇ.ఎస్.పి.32 అనే చిప్పు ఉన్న పలక. అట్టివి రెండు తీసుకొని, ఒకటి కారులోను, రెండవది పాత ప్రసారిణి పెట్టెలోను పెట్టాము. పెట్టె మీది మీటలు పాతవే. వాటి కింది స్విచ్చులను కొత్త పలక చదువుతుంది.

ఇది పనిచేసేది 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం దగ్గర. తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు, అందులో నాలుగవ వంతు 3 సెంటీమీటర్ల పైచిలుకు. కాబట్టి ఏరియల్ పలక మీదనే ఒదిగిపోతుంది. కారు పైనున్న పాత కడ్డీ ఇక అలంకారం మాత్రమే. అయినా దానిని తీయలేదు. అది లేకపోతే మామయ్య తన కారును గుర్తుపట్టరు! నిర్ణీత శక్తికి లోబడి ఈ పౌనఃపున్యాలను వాడుకొనడానికి మన దేశంలో 2005 నుండి విడిగా లైసెన్సు అవసరం లేదు.

మోటారు ఆకలి

కంప్యూటరు చిప్పు మోటారును సరాసరి తిప్పలేదు. దాని కాలి నుండి వచ్చే కరెంటు కొద్ది మిల్లీఆంపియర్లే. మోటారుకు ఎంత కావాలో కొలిచి చూచాము. 1.2 వోల్టుల నికెల్ ఘటాలు నాలుగు, మొత్తం 4.8 వోల్టులు ఇచ్చి, చక్రాలను గాలిలో తిరగనిస్తే 0.3 ఆంపియరు. చక్రాన్ని ఒక క్షణం చేతితో ఆపితే 2.1 ఆంపియర్లు!

ఎందుకీ తేడా? తిరిగే మోటారు తానే ఒక జనరేటరుగా కూడా పనిచేసి, ఘటానికి ఎదురుగా విద్యుచ్ఛాలక బలాన్ని పుట్టిస్తుంది. అందువల్ల కరెంటు తగ్గుతుంది. ఆగిన మోటారులో ఆ ఎదురుబలం లేదు. తీగచుట్ట నిరోధం ఒక్కటే కరెంటుకు అడ్డు. 4.8ని 2.1తో భాగిస్తే, ఘటాలలోనూ తీగలలోనూ ఉన్న కొద్దిపాటి నిరోధంతో కలిపి, సుమారు 2.3 ఓమ్‌లు. కారు కదలబోయే ప్రతిసారీ మోటారు ఆగిన స్థితి నుండే బయలుదేరుతుంది గనుక, మనం లెక్కలోకి తీసుకోవలసినది ఈ పెద్ద కరెంటునే.

మోటారును రెండు దిక్కులా తిప్పడానికి నాలుగు స్విచ్చులు కావాలి. ఒక కర్ణం మీది జతను మూస్తే కరెంటు ఒక దిక్కుగా, రెండవ కర్ణం మీది జతను మూస్తే ఎదురు దిక్కుగా ప్రవహిస్తుంది. ఈ అమరిక ఉన్న చిప్పులు అనేకం. ప్రయోగశాలలో సులభంగా దొరికే పాతరకం ఎల్298 చిప్పు 1 ఆంపియరు దగ్గర సుమారు 2 వోల్టులు తానే మింగుతుంది. మన దగ్గర ఉన్నదే 4.8, మోటారుకు మిగిలేది మూడు లోపు. అందుచేత డి.ఆర్.వి.8833 అనే చిప్పును ఎన్నుకొన్నాము. దాని దారిలో నిరోధం సుమారు 0.36 ఓమ్, 1 ఆంపియరుకు నష్టం 0.36 వోల్టు మాత్రమే. అందులోని రెండు అమరికలలో ఒక్కొక్కటి 1.5 ఆంపియర్లు మోస్తుంది. రెంటినీ జోడించి, 3 ఆంపియర్లు మోసేటట్లు చేశాము. ముందు చక్రాల మోటారుకు ఇంకొక చిప్పు పెట్టాము. మోటారు బ్రష్షుల వద్ద లేచే నిప్పురవ్వలు రేడియోకు అడ్డు రాకుండా, మోటారు కొనల మధ్య 0.1 మైక్రోఫారడ్ కండెన్సరు ఒకటి టంకం పెట్టాము.

మెట్ల మీద నుండి పడిన కారు

ఇక ప్రోగ్రాము. ప్రసారిణి సెకనుకు 50 సార్లు, అనగా 20 మిల్లీసెకన్లకు ఒకసారి, మీటల స్థితిని సందేశంగా పంపుతుంది. సందేశం రాగానే కారు దాని ప్రకారం నడుస్తుంది. బల్ల మీద అంతా చక్కగా పనిచేసింది. ఉత్సాహంతో కారును కళాశాల వరండాలోకి తీసుకొనిపోయి పరుగెత్తించాము.

సగం దూరం పోయిన తరువాత ప్రసారిణి పెట్టెలో ఒక ఘటం వదులై, పెట్టె ఆరిపోయింది. కారు ఆగలేదు. మీట వదిలినా, పెట్టె కుదిపినా ఆగలేదు. వరండా చివరికి పోయి, మూడు మెట్ల మీద నుండి దొర్లి బోర్లా పడింది. పడిన తరువాత కూడా దాని చక్రాలు గాలిలో తిరుగుతూనే ఉన్నాయి. ముందరి దీపం అద్దం పగిలింది.

పాతికేళ్ళు చెక్కుచెదరని కారును నేను ఒక్క పూటలో పగులగొట్టానే అని మనసు చివుక్కుమన్నది. అప్పుడు ఒక విద్యార్థిని అడిగింది: "సార్, పాత రిమోటు ఆపేస్తే ఈ కారు ఏం చేసేది?"

ఆగిపోయేది! చిన్నతనంలో ఎన్నోసార్లు చూచాను. దూరం ఎక్కువైతే కారు తనంతట తానే నిలిచిపోయేది. అది దాని లోపమని ఆనాడు విసుక్కున్నాను. నిజానికి అది దాని గుణం. పాత భాషలో ఆజ్ఞను ఎడతెగక పలుకుతూ ఉండాలి. మాట ఆగితే మోటారూ ఆగుతుంది. పాతకారుకు మౌనం అంటే "ఆగు". నా ప్రోగ్రాములో చిప్పు కాలిని ఒకసారి అమర్చితే, మళ్ళీ మార్చమనే దాకా అది అట్లే ఉంటుంది. నా కారుకు మౌనం అంటే "కానివ్వు". లోపం చిప్పులో లేదు, నా ఆలోచనలో ఉన్నది.

మౌనానికి అర్థం

పెద్ద యంత్రాల చరిత్రలోనూ ఇదే పాఠం ఉన్నది. 1869లో జార్జి వెస్టింగ్‌హౌస్ రైళ్ళకు గాలిబ్రేకు తయారుచేశాడు. ఇంజను నుండి గొట్టం ద్వారా ఒత్తిడి గాలిని పంపితే బ్రేకు పడేది. కాని పెట్టెల మధ్య గొట్టం తెగితే గాలి పోయి, బ్రేకే ఉండదు. 1872లో ఆయన దీనిని తలక్రిందులు చేశాడు. గొట్టంలో ఎల్లప్పుడూ ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడి పడిపోతే ప్రతి పెట్టెలోని బ్రేకూ తనంతట తానే పడుతుంది. తెగిన గొట్టం రైలును ఆపుతుంది.

మేము కారులో ఒక చిన్న గడియారాన్ని ప్రోగ్రాముగా వ్రాశాము. సందేశం వచ్చినప్పుడల్లా అది సున్నకు వస్తుంది. 200 మిల్లీసెకన్లు దాటినా సందేశం రాకపోతే మోటార్లు ఆగుతాయి. 20 మిల్లీసెకన్లకే ఎందుకు ఆపకూడదు? 2.4 గిగాహెర్ట్జ్ సంతవంటిది. వైఫై, బ్లూటూత్ అన్నీ అక్కడే మాట్లాడుతుంటాయి. అప్పుడప్పుడు ఒకటి రెండు సందేశాలు తప్పిపోవడం సహజం. తప్పిన ప్రతిసారీ ఆపితే కారు కుంటుతుంది. మా కారు వేగం సెకనుకు 2 మీటర్లు. 200 మిల్లీసెకన్లలో అది 40 సెంటీమీటర్లు పోతుంది. ఆ తరువాత కొద్దిగా దొర్లి ఆగుతుంది. బొమ్మకు ఇది చాలు. వేగం పెరిగేకొద్దీ ఈ గడువును కుదించాలి.

సంక్రాంతికి మామయ్య వచ్చారు. పెట్టె చేతికిచ్చాము. పెరట్లో నాలుగు చుట్లు తిప్పి, కారు పరుగెడుతుండగా పెట్టె స్విచ్చు కట్టివేశారు. కారు మూరెడు దూరం పోయి నిలిచింది. "ఆనాడూ కొట్లో ఇట్లాగే ఆపి చూసి కొన్నాను" అన్నారు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఇట్టి పని మీ పాఠశాలలో చేపడితే, మరలు విప్పడానికి ముందు విద్యార్థుల చేత ఒక పట్టిక వ్రాయించండి. మీట నొక్కితే బొమ్మ ఏమి చేస్తుంది? వదిలితే ఏమి చేస్తుంది? రిమోటు ఆపితే, దూరం పోతే, ఘటాలు నీరసిస్తే ఏమి చేస్తుంది? బొమ్మ పూర్తిగా చెడి ఉంటే, దానిని ఆడించినవారిని అడిగి వ్రాయించండి. పని ముగిసిన తరువాత, కొత్త బొమ్మను అదే పట్టికతో, చక్రాలు నేలను తాకకుండా ఇటుక మీద నిలిపి పరీక్షించండి. మేము ఆ పట్టికను కారు పడిపోయిన తరువాత వ్రాసుకొన్నాము.