కొబ్బరితోటకు చిన్న కావలి

కొబ్బరి మట్టలు మసి పూసినట్లు నల్లబడగనే రైతు గుండె గుభేలుమనును. వెంటనే పురుగుమందు డబ్బా కొరకు పరుగెత్తబుద్ధి పుట్టును. అచ్యుతాపురం, పూడిమడకల వైపు సముద్రతీరమున చెట్లు పెంచుకొను మా శ్రోతలు ఆ పరుగునకు ముందొక్కసారి ఆకు అడుగుభాగము తిరగవేసి చూడవలెనని మా మనవి.

అచ్చట తెల్లని మైనపు ముగ్గు వలె చుట్లు చుట్లుగా గ్రుడ్లు పెట్టు పురుగు సర్పిలాకార తెల్లదోమ. పేరునకు దోమయే గాని మనుష్యులను కుట్టదు, పేనుబంకకు చుట్టము. దీని పుట్టినిల్లు మధ్య అమెరికా. మన దేశమున 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరితోటలలో కనబడి, అనతికాలముననే ఆంధ్రదేశమునకు ప్రాకినది. అరటి, జామ, ఆయిల్‌పామ్‌లను కూడ విడువదు. ఇది ఆకురసమును పీల్చి తీయని జిగురును విసర్జించును. ఆ జిగురు క్రింది ఆకులపై పడగా దానిమీద నల్లని బూజు పెరుగును. మనము చూచు మసి యదియే. అది ఎండను అడ్డగించుటచే ఆకు ఆహారమును తయారుచేసికొనలేదు.

ఈ దోమకు ప్రకృతి ఒక శత్రువును కల్పించినది. అది ఎన్‌కార్సియా గ్వాడెలూపే అను కందిరీగ జాతి కీటకము. కుట్టునను భయము వలదు. దాని పొడవు ఒక మిల్లీమీటరునకు లోపే. దోమపిల్ల కదలక ఆకునంటియుండును. ఆడ కందిరీగ దానిని మీసములతో తడవి చూచి, తగినదని తోచినచో సన్నని గొట్టముతో అందు ఒక గ్రుడ్డును చొప్పించును. అందుండి పుట్టిన పురుగు దోమపిల్లను లోలోపలనే తిని పెరిగి, రెక్కలు వచ్చిన పిమ్మట పెంకును కొరికి వెలువడును. పేను, నల్లి మన రక్తమును త్రాగియు మనలను బ్రదుకనిచ్చును. ఇది మాత్రము తనకు ఆశ్రయమిచ్చిన దోమపిల్లను తప్పక చంపును.

ఈ కీటకమును ఈ దోమకై ఎవరును తేలేదు. 1990 దశకమున మరియొక తెల్లదోమ మన దేశమునకు రాగా, దాని జాడనే వచ్చి, పిదప ఈ క్రొత్త దోమనును పట్టినది. ఇట్టి మేలును గుర్తించుటకు చూచు కన్ను చాలును. 1926లో ఇంగ్లండున టమాటాలు పెంచు నొకడు, తెల్లదోమ పిల్లలలో కొన్ని నల్లగా నుండుట కనిపెట్టి స్పేయర్ అను కీటకశాస్త్రజ్ఞునకు చూపెను. వానినుండి వెలువడిన ఎన్‌కార్సియా ఫార్మోసాను నేటికిని గాజుగృహములలో పెంచి విడుచుచున్నారు.

మన రైతునకు వలసినదొక భూతద్దము. దోమ తానై వెడలిన పెంకు ఆంగ్లపు ‘టి’ అక్షరము వలె పగులును. కందిరీగ వెడలిన పెంకునకు గుండ్రని రంధ్రముండును. గుండ్రని రంధ్రములు మెండుగ నున్నచో కావలి పనిచేయుచున్నదని యర్థము. అప్పుడు ఘాటైన మందు చల్లుట మిత్రుని చంపుటయే. మైనము క్రింద దాగిన దోమ కొంత తప్పించుకొని మరల పెరుగును. కందిరీగకట్టి కవచము లేదు.

దోమ మిక్కుటమైనచో ఆకు అడుగున నీటిని వడిగా కొట్టవచ్చును. పలుచని గంజి చల్లినచో మసి పెచ్చులుగా రాలిపోవును. దోమను చంపు ఐసేరియా అను శిలీంధ్రమును అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానమువారు రైతులకు పరిచయము చేసియున్నారు. కందిరీగలు పొదిగియున్న ఆకుముక్కలను అవి లేని తోటలో కట్టినను మేలే. మసి తొలగుటకు కొన్ని నెలలు పట్టవచ్చును. అంతవరకు ఓపిక పట్టుటయు వ్యవసాయములోని భాగమే.