చలి లేనిచోట ద్రాక్ష కాసేదెలా?

ద్రాక్షతీగ సమశీతోష్ణ ప్రాంతాల మొక్క. చలికాలంలో ఆకులు రాల్చి నిద్రపోతుంది, వసంతంలో చిగురిస్తుంది. స్విట్జర్లాండులో జెనీవా సరస్సు ఒడ్డునున్న లావో కొండవాలు తోటల్లో ఆ చిగురుకు భయం మంచుతోనే. దాన్ని కాపాడేది సరస్సు. కిలో నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 4,200 జౌళ్ల శక్తి కావాలి. రాతికి అందులో ఐదో వంతు చాలు. అందుకే 310 మీటర్ల లోతున్న ఆ సరస్సు వేసవి వేడిని దాచుకుని, చలికాలంలో మెల్లగా వదులుతుంది. నేరుగా పడే ఎండ, నీటిమీద పడి తిరిగొచ్చే వెలుగు, రాతిగోడలు రాత్రిపూట విడిచే వేడి కలిపి అక్కడివాళ్లు ‘మూడు సూర్యులు’ అంటారు.

హైదరాబాదు చుట్టుపక్కల తినే ద్రాక్ష పండించే రైతుది సరిగ్గా ఎదురు సమస్య. తీగను నిద్రపుచ్చేంత చలి ఇక్కడ లేదు. వదిలేస్తే ఆకులు వేస్తూనే ఉంటుంది, కాపు మాత్రం సరిగా రాదు. అందుకే రెండు కత్తిరింపులు. ఏప్రిల్‌లో చేసేది కాపు కోసం కాదు, కొత్త కొమ్మల కోసం. వాటి మొగ్గల్లో పూగుత్తి రూపు దిద్దుకునేది ఆ తర్వాతి వారాల్లోనే. అప్పుడు మబ్బులు కమ్మి వెలుగు తగ్గితే, గుత్తి కావలసింది నులితీగగా మారిపోవచ్చు. ఆ నష్టం రైతుకు కంటపడేది అక్టోబరు కత్తిరింపు తర్వాతే, పెట్టుబడి చాలావరకు పెట్టేశాక.

రెండో కత్తిరింపప్పుడు మొగ్గలన్నీ ఒకేసారి విచ్చుకోవడానికి హైడ్రోజన్ సయనమైడ్ పూస్తారు. చలి చేయవలసిన పని రసాయనం చేస్తుందన్నమాట. ఇది విషపదార్థం, చేతి తొడుగులు తప్పనిసరి. పూసినవాళ్లు కొద్దిరోజులు మద్యం ముట్టకూడదు కూడా: ఆల్కహాలు నుంచి పుట్టే ఆసిటాల్డిహైడు ఒంట్లో విరిగిపోకుండా ఇది అడ్డుపడుతుంది.